లాంచీ లెక్క

కిందటి ఎండాకాలమంతా నేను మా ఆవిడ మీద కుళ్ళుకున్నాను. మొగుడు పెళ్ళాం మీద కుళ్ళుకోవడమేమిటని నవ్వకండి. పక్కింటాయన కొత్త కారు కొంటే కుళ్ళుకోవడం లేదూ? నాదీ కారు గొడవే. కాకపోతే ఆ కారు మాది కాదు, కొత్తది అసలే కాదు, పైగా ఇరవయ్యేడేళ్ళుగా కదలనిది.

ముందు మా చర్చి సంగతి చెప్పాలి. మా చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చుంటారు. మా నాన్న ఏసుపాదం ఒక్కడూ ఆడవాళ్ళ వైపు ఆఖరి బల్ల చివర కూర్చుంటాడు. పాస్టరుగారే పర్మిషన్ ఇచ్చారు. ఆటోనగర్లో యాభై ఏళ్ళు ఇంజన్ల మధ్య పనిచేసిన మనిషికి చెవులు మిగలవు కదా. మిషను పెట్టిస్తే "లోపల కుక్కరు ఈలేస్తందిరా" అని తీసి బీరువాలో పడేశాడు. అప్పట్నుంచీ నా భార్య వినీల కీబోర్డు వాయించడం అవగానే వచ్చి ఆయన పక్కన కూర్చుని, కుడి చెవి దగ్గర నోరు పెట్టి, ప్రసంగం మొత్తం మాట పొల్లుపోకుండా చెబుతుంది. ఆయన తల ఊపుతూ వింటాడు. ఒక్కోసారి నవ్వుతాడు కూడా.

నేను అవతలి వైపు మూడో బల్లలో కూర్చుని ఆ ఇద్దరినీ చూస్తుంటాను. నా గొంతు ఆయనకి అందదట. "నువ్వు గొణుగుతావురా, నీ మాట నాకు చేరదు" అంటాడు. ఇరవై ఏళ్ళుగా నా మెకానిక్ షెడ్డులో కస్టమర్లతో అరిచి అరిచి మాట్లాడే నా గొంతు గొణుగుడట, ఎలిమెంటరీ స్కూల్లో పాఠం చెప్పుకునే ఆవిడ గొంతేమో చేరుతుందట. సరే, చేరనీ అనుకున్నాను. అప్పటికి నా కుళ్ళు అంతవరకే.

ఈస్టర్ వెళ్ళిన రెండో వారం కనకవల్లిగారు ఆటో మాట్లాడుకుని పటమటలో మా ఇంటికి వచ్చారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. మెకానిక్కుని కూడా "గారూ" అని పిలిచే మనిషిని నేను నా చిన్నప్పట్నుంచీ ఈవిడ ఒక్కరినే చూశాను. ఆవిడకి ఒక స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది, అరవయ్యెనిమిది మోడల్, ఆకాశం రంగుది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని తనే నడుపుకుంటూ కాలేజీకి వెళ్ళేవారు. దాని మీద నాన్నది తప్ప ఇంకొకరి చెయ్యి పడలేదు.

"ఏసుపాదం గారూ, మన హెరాల్డ్‌ని ఒకసారి నిద్రలేపాలండీ" అన్నారు, కూర్చోకుండానే.

భవానీపురంలో వాళ్ళ ఇల్లు అపార్ట్‌మెంట్లకి ఇచ్చేశారట. జూన్ రెండో వారంలో కారు షెడ్డు కూలగొడతారు. ఆవిడ కొండపల్లిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నారు.

"నడిస్తే నేనే నడుపుకుంటూ కొండపల్లి తీసుకుపోతాను. నడవకపోతే మా తమ్ముడి కొడుకు విఠల్ తుక్కువాణ్ణి మాట్లాడిపెట్టాడు. ముక్కలు కోసి పట్టుకుపోతాడటండీ" అన్నారు. 

నేను అందుకున్నాను. "ఇరవయ్యేడేళ్ళు పడున్న ఇంజనండీ మేడమ్. పిస్టన్లు పట్టేసి ఉంటాయి. మీరు శ్రమ పడటం దండగ, తుక్కుకిచ్చెయ్యడమే నయమండీ. నాన్నకి కూడా ఓపిక అయిపోయింది."

నాన్న నా పెదాలు కదలడం చూశాడు. వెంటనే వినీల వైపు తిరిగి చెవి వంచాడు. కొంచెం మెత్తగా మార్చి చెబుతుందిలే అనుకున్నాను. ప్రసంగం చెప్పి చెప్పి అలవాటైపోయిందేమో, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తగ్గించకుండా చెప్పేసింది. ఓపిక అయిపోయిందన్నది కూడా.

నాన్నకి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"ఆడు చెప్పింది కరెక్టేనండి అమ్మగారూ. ఆడి దగ్గర కంప్యూటరుంది, దానికి హెరాల్డు భాష రాదు" అని, కోడలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, నీకు బడి సెలవులేగా? నువ్వొస్తావా నాతో? ఇది ఒక్కటి నడిపిస్తే చాలు, ఇంక ఇంజను ముట్టుకోను."

వినీల ఎగిరి గంతేసినంత పని చేసింది. నన్నడిగితే నేను కాదనేవాణ్ణే. అయినా అడగాలిగా.

మర్నాటి నుంచి మామా కోడళ్ళు పొద్దున్నే ఆరింటికి ఆటో ఎక్కడం, ఎండ ముదరకముందే పదకొండింటికి దిగడం. మధ్యాహ్నం భోజనాల దగ్గర అదే ముచ్చట. ఎయిర్ ఫిల్టర్లో ఎలుక కాపురం పెట్టిందట, ట్యాంకులో పెట్రోలు వార్నీషు కంపు కొడుతోందట, టైర్లూ బ్రేకులూ కొత్తవి వేయిస్తున్నారట, ప్లగ్గులు ఊడదీసి నాలుగు సిలిండర్లలో కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోశారట. "అలా నాననివ్వాలండీ, తొందరపడకూడదు" అని నాకే పాఠం చెప్పింది వినీల. ఆటోనగర్లో సొంత షెడ్డున్న మెకానిక్కుని. నా కంచంలో పప్పుచారు చల్లారిపోతున్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఏదో ఒక వంక పెట్టుకుని నేనూ భవానీపురం వెళ్తుండేవాణ్ణి. హెరాల్డుకి బానెట్ మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకి తెరుచుకుంటుంది. అప్పుడు ముందు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. మా ఆవిడ చున్నీ నడుముకి బిగించి, ఆ టైరు మీద పీటేసుకుని కూర్చున్నట్టు కూర్చుని, ముందు పుల్లీకి పానా తగిలించి మెల్లగా ఒత్తిడి పెడుతుండేది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నాన్న.

"అది పట్టేసుకుంది కదమ్మా, మనం గుంజితే ఇంకా బిగుసుకుంటది. బతిమాలాల. రోజూ కాస్త బతిమాలితే అదే వదులుద్ది."

నాకు పదేళ్ళప్పుడు ఇదే పాఠం చెప్పాడు. కాకపోతే అప్పుడు 'అమ్మా' అని లేదు. నేను గుంజితే ఆయన చేతిలోని పానా నా చేతివేళ్ళ కణుపుల మీద పడేది. బతిమాలడం అనే పద్ధతి ఒకటుందని నాకు నలభై ఆరో ఏట, ఇంకొకరికి చెబుతుంటే తెలిసింది.

అన్నింటికంటే నాకు ఒళ్ళు మండింది స్క్రూడ్రైవర్ దగ్గర. మూరెడు పొడుగుంటుంది, కర్ర పిడి. దాని మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఎక్కడ జబ్బుందో చెప్పేవాడు నాన్న. చెవి తగిలి తగిలి ఆ పిడి ఒకవైపు నున్నగా అరిగిపోయింది. నేను షెడ్డు పెట్టినప్పుడు అడిగాను, ఇవ్వలేదు. స్కానింగ్ మిషన్ కొన్నప్పుడు మళ్ళీ అడిగాను. "నీకెందుకురా, కంప్యూటరు చెప్పుద్దిగా" అన్నాడు. ఇప్పుడది మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో బైబిలు పక్కన ఉంది.

"నాకు ఇవ్వనిది నీకెలా ఇచ్చాడు?" అని అడిగాను.

"ఆయనకి వినపడదు కదండీ, నేను విని చెప్పాలిగా" అంది వినీల. అందులో తప్పు పట్టడానికేం లేదు. అందుకే ఇంకా మండింది.

పందొమ్మిదో రోజున ఇంజను తిరిగింది. పానా పట్టుకున్న చెయ్యి ఒక్కసారిగా జానెడు ముందుకి పోయిందట. ఫోన్ చేసి, "ఏవండీ, వదిలేసింది! తిరుగుతోంది!" అని అరిచింది. వెనకాల నాన్న నవ్వు వినిపించింది. ఆయన అంత గట్టిగా నవ్వడం మా అమ్మ పోయాక నేను వినలేదు. "ఓహో" అన్నాను. 

మే నెల మూడో వారంలో కొత్త బ్యాటరీ పట్టుకుని నేనే వెళ్ళాను. ఆ రోజు టైమింగ్ పెడుతున్నారు. ఏ సిలిండర్లో ఎప్పుడు నిప్పు పడాలో కుదర్చడం అన్నమాట. అది కుదిరితే ఇంజను స్టార్టయినట్టే.

నాన్న కుర్చీలోంచి లేచి, ఒక చేత్తో కారు పట్టుకుని నిలబడ్డాడు. రెండో చేతి బొటనవేలు ప్లగ్గు కన్నం మీద పెట్టాడు. వినీల ముందువైపు తల వంచుకుని పుల్లీ తిప్పుతోంది. ఆయన వేలు ఏ కన్నం మీద ఉందో ఆమెకి కనిపించదు. గాలి వేలిని తన్నగానే "ఆగు!" అని అరిచాడు. నిప్పుని వైర్లకి పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల రోటర్ ఎటు చూస్తోందో చూసి, దాని మూత మీద చాక్‌పీసుతో '1' అని రాశాడు.

"అదమ్మా ఒకటో నెంబరు. అక్కణ్ణుంచి రోటర్ తిరిగే వైపు ఒకటి, మూడు, నాలుగు, రెండు. వైర్లు నువ్వు పెట్టెయ్. నా నడుం పడిపోయింది" అంటూ వెళ్ళి వరండాలో మంచం మీద వాలాడు.

వినీల చాక్‌పీసు గుర్తు దగ్గర నుంచి మొదటి వైరు తీసి, రేడియేటర్ పక్కనున్న మొదటి సిలిండర్‌కి తగిలించింది. ఏ పుస్తకంలో చూసినా ఒకటో సిలిండర్ అంటే అదే. ఆటోనగర్లో ఎవరినడిగినా అదే. నా షెడ్డులో నేనూ అలాగే లెక్కపెడతాను.

మా నాన్న ఒక్కడే అలా లెక్కపెట్టడు. ఆయన వెనకనుంచి లెక్కపెడతాడు. డ్రైవరు కాళ్ళ వైపున్నది ఆయనకి ఒకటి, రేడియేటర్ పక్కది నాలుగు. ఎందుకో నాకు చిన్నప్పుడు తెలియదు. ముందునుంచి లెక్కపెట్టినందుకు ఒకరోజు పానా దెబ్బ కొంచెం గట్టిగానే పడిందని మాత్రం తెలుసు. ఇప్పుడూ ఆయన బొటనవేలు పెట్టింది వెనక కన్నం మీదే. నేను కళ్ళారా చూశాను. అంటే ఒకటో దాంట్లో పడాల్సిన నిప్పు నాలుగో దాంట్లో పడుతుంది. ఆ ఇంజను స్టార్టు కాదు, కార్బొరేటర్‌లోంచి తుమ్ముతుంది.

నాలుగు వైర్లూ పెట్టేసి, నాలిక పంటి కింద పెట్టుకుని ఒకసారి సరిచూసుకుంది వినీల. తరవాత తలెత్తి నన్నే అడిగింది.

"ఏవండీ, సరిగ్గానే పెట్టానా?"

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది కూడా. అదే సమయానికి ఆమె ఒళ్ళో ఉన్న స్క్రూడ్రైవర్ కనిపించింది.

"నాన్న చెప్పినట్టేగా పెట్టావు" అన్నాను.

ఇంజను తుమ్మింది. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ కార్బొరేటర్ తుప్పుమని తుమ్మి, కాస్త పొగ వదిలి ఊరుకుంది. వినీల స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విని, నాన్న అరచేతిలో వేలితో ఆ దెబ్బలు కొట్టి చూపించింది. రెండు ఉత్త దెబ్బలు, ఒక తుమ్ము, మళ్ళీ రెండు ఉత్త దెబ్బలు. తాళం తప్పకుండా కొట్టింది. నాన్న కళ్ళు మూసుకుని ఆలోచించి, "పెట్రోలు సరిగ్గా అందట్లేదు. కార్బొరేటర్ ఇప్పుదాం" అన్నాడు.

విప్పారు, కడిగారు, బిగించారు. తుమ్మింది. మళ్ళీ విప్పారు. పాయింట్లు గీకారు. కండెన్సర్ మార్చారు. రోజూ అదే తుమ్ము. నడుం వంగక నాన్న కుర్చీలోంచే రోజుకోసారి అడిగేవాడు.

"వైర్లు సరిగ్గా పెట్టావా అమ్మా? ఒకటి, మూడు, నాలుగు, రెండు?"

"పెట్టాను మావయ్యా. ఒకటి, మూడు, నాలుగు, రెండు."

ఇద్దరూ అవే అంకెలు చెప్పుకునేవాళ్ళు. ఇద్దరూ కరెక్టే. ఆ రెండు లెక్కలూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, పక్కన నిలబడి మజ్జిగ తాగుతూ ఉండేవాణ్ణి.

మొదటి రెండు రోజులూ నాకు సంతోషంగానే ఉంది. దాచుకోవడమెందుకు. నీకు అరచేతిలో తాళం కొట్టడం వచ్చు, ఇంజను రాదు అని మనసులో అనుకున్నాను. నాలుగో రోజుకి చెప్పేద్దామనుకున్నాను. కానీ ఇప్పుడు చెబితే, మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదంటారు. ఐదో రోజుకి అది ఇంకా బరువైంది.

వారం దాటేసరికి నాన్న గడ్డం గీసుకోవడం మానేశాడు. పొద్దున్నే ఆటో వచ్చి హారన్ కొడితే "ఇయ్యాల వద్దులేమ్మా" అని పంపించేశాడు. కిటికీ దగ్గర కూర్చుని, చేతిలో ఏమీ లేకుండానే, గాల్లో కార్బొరేటర్ విప్పి బిగిస్తున్నట్టు వేళ్ళు కదిపేవాడు. ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతూ ఆగి, వినీలతో అన్నాడు.

"చెవులే పోయినయ్యనుకున్నా. బుర్ర కూడా పోయిందేమోనమ్మా. ఎక్కడో ఏదో మర్చిపోతున్నా, అదేంటో తెలవట్లా."

ఆమె కంచం ముందు నుంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను కూర వడ్డించుకున్నాను. 

ఆ సాయంత్రం వినీల నా షెడ్డుకి వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నా షెడ్డుకి రావడం రెండోసారో మూడోసారో.

"మీరొక్కసారి చూడకూడదా అండీ?"

"దానికి స్కానర్ తగిలించే చోటే లేదు" అన్నాను.

"నేను స్కానర్ని రమ్మనట్లేదు. మిమ్మల్ని రమ్మంటున్నాను. ఆయన మంచం పట్టేస్తారు."

"మీ మామా కోడళ్ళ పని, మధ్యలో నేనెందుకులే" అన్నాను. ఆమె బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది. నేను బండి మీద దింపుతానని కూడా అనలేదు.

జూన్ మొదటి శనివారం. సోమవారం పొద్దున తుక్కువాడు వస్తున్నాడని కనకవల్లిగారు ఫోన్ చేశారు. నాన్న గడ్డం గీసుకుని, చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని, "అమ్మగారికి ఒక మాట చెప్పొద్దాం" అన్నాడు. నా కారులోనే ముగ్గురం వెళ్ళాం.

కనకవల్లిగారు వరండాలో కుర్చీలు వేయించి, రసాల మామిడిపళ్ళు తెచ్చి పెట్టారు. ఇల్లంతా సామాను కట్టేసి ఉంది. నాన్న పండు ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మగారూ, నా వల్ల కాలేదండి. నా రోజులు అయిపోయినయ్యండి. ఏమనుకోవద్దు."

ఆవిడ కుర్చీలోంచి లేచారు. ఆయన్ని బలవంతంగా కూర్చోబెట్టి, మాట మార్చడానికన్నట్టు అడిగారు. "అసలు మీరు ఈ పని ఎక్కడ నేర్చుకున్నారండీ ఏసుపాదం గారూ? ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగనే లేదు."

వినీల చెవిలో చెప్పింది. నాన్న ముఖం కొంచెం తేరుకుంది.

"లాంచీ మీదండి. అప్పట్లో ఇక్కణ్ణుంచి అమరావతికి లాంచీలు పోయేయి కదండి. పదహారేళ్ళోణ్ణి. జక్కయ్యగారని డ్రైవరు, ఆయనే నేర్పాడు. లాంచీలో కిందకి దిగితే ముందు ఫ్లైవీలే తగులుద్దండి, ఇంజను ఆ ఎనకాల ఉంటది. అందుకని మా లెక్కంతా ఫ్లైవీలు కాణ్ణించేనండి. దాని పక్కది ఒకటో నెంబరు. తర్వాత కార్లలోకొచ్చినా నాదదే లెక్క. ఆ చక్రం కార్లలో డ్రైవరు కాళ్ళకాడుంటదండి, అక్కడ ఒకటి, రేడియేటరు కాడ నాలుగు. ఆ లెక్కతో ఎన్ని ఇంజన్లు..."

వినీల చేతిలో మామిడిపండు ముక్క అలాగే ఆగిపోయింది. ఆమె నాన్న వైపు చూడలేదు. నా వైపు చూసింది.

నేను గేటు వైపు చూశాను. అక్కడ చూడటానికేమీ లేదు.

అంతే. ఆమె ముక్క పళ్ళెంలో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. "ఏవండీ, ఒకసారి షెడ్డులోకి రండి" అంది మామూలుగానే.

షెడ్డులో బానెట్ తెరిచే ఉంది. చాక్‌పీసుతో రాసిన '1' ఇంకా చెరగలేదు.

"వైర్లు మార్చండి" అంది.

"నువ్వే మార్చు. నీకిప్పుడు తెలిసిందిగా."

"నాకు ఇప్పుడు తెలిసింది. మీకు ఎప్పట్నుంచో తెలుసు. మీరే మార్చండి."

గొంతు పెంచలేదు. ఏడవలేదు. ఏడిస్తే సముదాయించేవాణ్ణి, తిడితే తిరిగి తిట్టేవాణ్ణి. ఆమె రెండూ చెయ్యకుండా టైరు పక్కన నిలబడి నా చేతుల వైపు చూసింది. ఒకటోది నాలుగుకి, నాలుగోది ఒకటికి. రెండు మూడుకి, మూడు రెండుకి. రెండు నిమిషాల పని. నేను దాన్ని పన్నెండు రోజులు ఆపాను.

కనకవల్లిగారు కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని డ్రైవింగ్ సీట్లో కూర్చున్నారు. మొదటిసారి సెల్ఫ్ కొడితే ఇంజను తిరిగి ఆగింది. తుమ్మలేదు. రెండోసారి అందుకున్నట్టే అందుకుని పోయింది. మూడోసారి నల్లటి పొగతో, ఎలుక గూటి పీచుతో, షెడ్డు రేకులు అదిరేలా లేచింది.

నాన్న వరండాలో ఉన్నాడు. ఆయనకి ఆ చప్పుడు అందదు. పొగ చూసి లేచి, కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చేశాడు. రెండు అరచేతులూ మడ్‌గార్డు మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వినీల ఆయన చెయ్యి పట్టుకుని తాళం కొట్టబోతే విడిపించుకున్నాడు.

"వద్దమ్మా. నాకు తెలుస్తంది."

అలా చాలాసేపు నిలబడ్డాడు. కళ్ళు తెరిచి, "ఎవరు కనిపెట్టారమ్మా?" అన్నాడు.

వినీల ఆయన చెవి దగ్గరికి వంగింది. ఇంకేముంది, అంతా చెప్పేస్తుందనుకున్నాను. మాట కలపదు, మాట తగ్గించదు కదా.

"మీ అబ్బాయే మావయ్యా. మీది వెనకనుంచి లెక్కని ఆయనకి గుర్తుంది."

అంతవరకే చెప్పి పక్కకి తప్పుకుంది.

నాన్న నా వైపు తిరిగాడు. ఆ చూపు కోసం నేను ముప్ఫై ఆరేళ్ళు ఎదురుచూశాను. ముఖమంతా నవ్వు. నా కుడిచెయ్యి లాక్కుని, వేళ్ళ కణుపులు తడిమి చూశాడు.

"గుర్తుందీ? ఇక్కడే కొట్టా. పూరీలాగా వాచింది. మీ అమ్మ నాతో రెండ్రోజులు మాట్లాళ్ళేదు. గుర్తుందన్నమాట నీకు!"

తల ఊపాను. ఆయన కూడా తల ఊపుతూ నవ్వుతున్నాడు. నా చెయ్యి ఆయన చేతిలోనే ఉంది. కాసేపటికి ఆ నవ్వు నెమ్మదిగా తగ్గింది. ఆయన కళ్ళు నా మీద నుంచి చాక్‌పీసు గుర్తు మీదకి, అక్కణ్ణుంచి బ్యాటరీ మీదకి వెళ్ళాయి.

"ఆ రోజు బ్యాటరీ తెచ్చింది నువ్వే కదూ" అన్నాడు.

"అవును నాన్నా."

వినపడి ఉండదు. నా పెదాలు చూశాడు. నా చెయ్యి వదిలేసి, "అమ్మగారూ, చోకు కొద్దిగా లోపలికి నెట్టండి" అని అటు వెళ్ళిపోయాడు.

కనకవల్లిగారు ఆ సాయంత్రమే కొండపల్లి బయల్దేరారు. పక్కన వినీల, వెనక సీట్లో నాన్న. తలుపు తీసి పట్టుకుని ఆవిడ నన్నూ ఎక్కమన్నారు, చోటుంది. మళ్ళీ వీళ్ళని ఇంటికి తేవాలి కదండీ, నేను నా కారులో వెనక వస్తానన్నాను. ఊరు దాటేదాకా ఆ ఆకాశం రంగు కారు వెనకాలే వెళ్ళాను. వెనక అద్దంలోంచి నాన్న తల కనిపిస్తూనే ఉంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరుగు ప్రయాణంలో ముగ్గురం నా కారులోనే వచ్చాం.

మర్నాడు ఆదివారం. నేను మగవాళ్ళ వైపు మూడో బల్లలో కూర్చున్నాను. పాటలు అయిపోతున్నాయి. నాన్న కర్ర పొడుచుకుంటూ ఆలస్యంగా వచ్చాడు. నడవలో ఒక్క క్షణం ఆగి, ఎడమవైపు తిరగాల్సినవాడు కుడివైపు తిరిగాడు. అందరూ చూస్తుండగా నేనున్న బల్ల దగ్గరికి వచ్చి, మోకాలితో నా మోకాలిని నెట్టి జరగమన్నాడు. జరిగాను. కీబోర్డు ఆపి వచ్చిన వినీల అటువైపు ఆఖరి బల్లలో, ఖాళీ చోటు పక్కన కూర్చుంది.

పాస్టరుగారు వాక్యం చదివి ప్రసంగం మొదలుపెట్టారు. నాన్న కుడి చెవి నా వైపు వంచాడు.

"చెప్పు" అన్నాడు.

"నా గొంతు నీకు అందదుగా నాన్నా" అన్నాను, ఆ చెవిలోనే.

"మింగకుండా చెప్తే అందుద్ది. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీకు తెలిసింది ఏదీ దాచుకోమాకు."

ఆయన ముఖం పల్పిట్ వైపే ఉంది. అరిగిపోయిన ఆ చెవి అంత దగ్గర్నుంచి నేనెప్పుడూ చూడలేదు. పాస్టరుగారు అప్పటికే నాలుగైదు వాక్యాలు దాటిపోయారు. నేను నాన్న చెవి దగ్గర నోరు పెట్టి, ఆ వేళ షెడ్డులో ఆయన వేలు ఏ కన్నం మీద ఉండగా చూశానో, వినీల నన్నేమడిగిందో, నేనేం చెప్పానో, ఎందుకు చెప్పానో, స్క్రూడ్రైవర్ సంగతితో సహా చెప్పాను. గొణగలేదు. ముందు బల్లలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

నాన్న కదలకుండా విన్నాడు. అయిపోయిందని తెలిశాక, "ఊ" అన్నాడు.

చెవి అలాగే ఉంచి అడిగాడు.

"ఇప్పుడాయన ఏమంటన్నాడో చెప్పు."